పటంలో లేని తీగ

హానుస్,
నువ్వు పోయిన తొమ్మిదేళ్లకి
నిన్న మధ్యాహ్నం నీ చేతిరాత దొరికింది.
నాలుగో నంబరు శీతల గది వెనక
పైకప్పు పలక జరిపితే
దుమ్ములో నీలం కేబులు, దాని మెడకి తెల్ల టేపు.
టేపు మీద నీ వంకర అక్షరాలు:
"ముట్టుకోవద్దు. ఆదివారం మ్యాచ్ ఉంది."

క్లాక్స్‌వీక్ రేవులో వాన అడ్డంగా కొడుతోంది.
కింద బెల్టు మీద కాడ్ చేపలు
తలల్లేకుండా సాగిపోతున్నాయి.
టార్చి నోట కరుచుకుని నిచ్చెన మీద నేను,
నవ్వాలనిపించినా నోరు ఖాళీ లేదు.

నీకు తెలీదు కదా, చెప్తాను.
క్యాంటీన్‌కి లైను ఇవ్వనంది కంపెనీ.
నువ్వు దగ్గర్లో ఉన్న పెట్టె చూసుకున్నావు,
చలిని కాపలా కాసే పెట్టె.
అందులోంచి ఒక్క తీగ లాగావు. అంతే.
ఆ ఏడు మనవాళ్లు గెలిచారట కూడా.

తర్వాత టీవీ మారింది.
కొత్తది ఊరూ పేరూ లేని చోట్లతో
తనంతట తాను మాట్లాడే రకం.
మూడు వారాల కిందట, రాత్రి రెండూ పదికి,
ఎవడో దాని నోట్లోంచి లోపలికి దిగాడు.
టీవీ వాడికి దేనికి? మూల పగిలింది, పైగా నూనె జిడ్డు.
నీ నీలం తీగ పట్టుకుని
తాళం అన్న మాటే వినకుండా
శీతల గదుల దాకా నడిచాడు.
తెల్లారేసరికి మైనస్ ఇరవై ఆరు కాస్తా
సున్నా దాటి నాలుగు.
నలభై టన్నులు.
ఆ వాసన ఇంకా నా కోటులోనే ఉంది.

మేనేజరు సున్‌వోర్ గోడ మీది పటం చూపించింది.
గాజు చట్రం, నాలుగు రంగులు,
క్యాంటీన్ ఒక మూల, చలి ఇంకో మూల.
"ఇందులో ఆ దారే లేదు కదా!" అంది.
లేదు నిజమే.
దొంగ మన పటం చూడడు సున్‌వోర్, దారి చూస్తాడు.

టోపాలజీ అంటే ఏంటని టోకి అడిగాడు,
చేపలు కోస్తూ, తల ఎత్తకుండా.
ఏది ఎంత దూరమన్నది కాదు,
ఏది దేనికి చుట్టమన్నది అన్నాను.
మనకీ పక్క దీవికీ మధ్య సముద్రం.
దాని కింద సొరంగం తవ్వారు.
సముద్రం అంగుళం కూడా జరగలేదు,
చుట్టరికం మాత్రం కలిసిపోయింది.
ఎలుకలు చేరని దీవిలో
రంగు ముక్కు లుండి పిట్ట
నేలలోనే బొరియ చేసి గుడ్డు పెడుతుంది.
వంతెన వేసేవాడు దాన్ని అడగడు.

టోకి కత్తి తుడుచుకున్నాడు.
"మా ట్రాలర్‌కి ఒకసారి బొక్క పడింది.
నీళ్లు ఒక గది నిండి ఆగిపోయాయి.
అడ్డగోడలున్నాయి గనక
ఇవాళ నీతో మాట్లాడుతున్నా."
నేను గంటసేపు చెప్పింది
ఆయన రెండు ముక్కల్లో చెప్పి, మళ్లీ చేప అందుకున్నాడు.

నీ తీగ కోసేశాను హానుస్, క్షమించు.
ఆదివారం నాడు క్యాంటీన్ మొత్తం
నన్ను అప్పులవాణ్ణి చూసినట్టు చూసింది.
వాళ్లకి వేరే లైను వేశాను, పసుపుపచ్చది,
చలితో దానికి ఏ బంధుత్వమూ లేదు.

గాజు పటం దించి గోడకి ఆనించాను.
చేపల అట్టపెట్టె చించి, వెనక వైపు
కొత్తగా గీస్తున్నాను,
ప్రతి కేబులూ చేత్తో తడుముకుంటూ,
మొదటి నుంచి చివరిదాకా నడుస్తూ.
తూకం యంత్రం. తలుపు కార్డు. జీతాల గది.
ఎవరూ వాడని ప్రింటరు ఒకటి,
ఇంకా ఊపిరి తీస్తోంది.

ఈ పొద్దు మిగిలింది ఒక్కటే, బూడిద రంగుది.
మెట్లు దిగింది, నడవా దాటింది,
ఆఫీసులోకి మలుపు తిరిగింది, నా బల్ల కిందికి.
అక్కడో చిన్న పెట్టె, పచ్చ దీపం.
ఆరేళ్ల కిందటి మంచు తుఫానులో
ఇంట్లో కూర్చుని పని చేసుకుందామని
నేనే పెట్టి మరిచిపోయింది.

తీగ లాగింది నేను.
డొంక నా కాళ్ల దగ్గరే కదిలింది.
అట్ట మీద నీ పేరు పక్కన
పెన్సిలు అరిగేదాకా
నా పేరూ రాశాను.